రాత్రి లెన్సుల జాగ్రత్తలు తెలుగులో ఇవ్వరా?

ఎడిటర్ గారికి నమస్కారం. మా పాపకి కుడి కన్ను మైనస్ 1, ఎడమది మైనస్ 3.5, కళ్లజోడులో ఒక అద్దం పల్చగా ఇంకోటి మందంగా ఉండి మెట్లు దిగేటప్పుడు తడబడేది, తలనొప్పి అనేది. డాక్టరుగారు ఆర్థో-కె లెన్సులు రాశారు, రాత్రి పెట్టుకుని పడుకుంటే కార్నియాని, అంటే కంటి ముందుండే పారదర్శక పొరని, కాస్త చదును చేస్తాయి, పొద్దున తీసేస్తే పగలంతా జోడు అక్కర్లేదు, మానేస్తే మళ్లీ పాత సైటే. అమెరికాలో 2002లోనే పర్మిషన్ ఇచ్చారు.

బానే ఉంది గానీ కుళాయి నీళ్లు తగలకూడదని కొన్నచోట ఒక్క ముక్క చెప్పలేదండీ! మా అత్తయ్య పాపం మంచికేననుకుని బిందెలో నీళ్లతో కడగబోయారు, నా గుండె ఆగినంత పనైంది. ఆ నీళ్లలో ఉండే అకాంతమీబా అనే కంటికి కనపడని క్రిమి వల్ల కార్నియా పుండు పడొచ్చంట. డబ్బాలో పేపర్ మొత్తం ఇంగ్లీషే, అత్తయ్యకి ఎలా తెలుస్తుంది?

– ఒక అమ్మ, ఖమ్మం