రెండో ఇంజనుకు సొంత బ్యాటరీ ఉందా?

సంపాదకుడు గారికి,

పాపికొండల దారిలో తిరిగే లాంచీకి రెండో ఇంజను పెట్టించేది సోకుకు కాదు. ఒకటి మొరాయిస్తే రెండోది ఒడ్డుకు చేరుస్తుందని. తీరా రెండు సెల్ఫులూ (ఇంజన్లను స్టార్ట్ చేసే మోటార్లు) ఒకే బ్యాటరీకి కలిపి, మైకు, ఫ్యాన్లు, రంగు దీపాలు కూడా దానికే తగిలిస్తే, లంగరేసి మూడు గంటలు పాటలు పెట్టాక సెల్ఫు కొడితే టక్ టక్ మంటుంది, అంతే. రెండు ఇంజన్లూ ఒకేసారి పోయినట్టు.

బ్యాటరీలు మూడు ఉండాలి: ఇంజనుకొకటి, దీపాలూ మైకూ వగైరాలకు వేరొకటి. ఈ మూడోది సెల్ఫు బ్యాటరీ రకం కాకూడదు. సెల్ఫు బ్యాటరీలో ప్లేట్లు పలచన. కొన్ని సెకన్లు వందల ఆంపియర్లు ఇవ్వగలదు గానీ, రోజూ సగానికి పైగా దింపేస్తే త్వరగా పాడవుతుంది. ఇళ్లలో ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ రకం నయం, ఊగినా ఒరగకుండా ట్రేలో బెల్టుతో బిగిస్తే. పది ఆంపియర్ల వాడకం ఐదు గంటలుంటే 50 ఆంపియర్-అవర్లు. సగమే వాడాలి కాబట్టి కనీసం 100 కావాలి.

ఇంజను తిరిగితే కరెంటు పుట్టించే ప్రతి ఆల్టర్నేటరూ ముందు తన సెల్ఫు బ్యాటరీనే నింపాలి. వోల్టేజీ 13.3–13.7 దాటాక మూడో బ్యాటరీని కలిపి, 12.8 దగ్గర విడదీసే రిలేలు (వాటంతటవే పనిచేసే స్విచ్‌లు) దొరుకుతాయి. చవకని వాటి బదులు డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చేవి) పెడితే అక్కడే 0.7 వోల్టు దాకా పోతుంది, బ్యాటరీ ఏనాడూ నిండదు. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపితే ఆల్టర్నేటరు లోపలి డయోడ్లు కాలిపోవచ్చు. ఇది సరంగులకు తప్పక చెప్పాలి.

పాజిటివ్‌లు విడివిడిగా ఉన్నా నెగటివ్‌లన్నీ ఒకచోట కలవాలి. రెండు ఇంజన్ల బ్లాకులనూ సెల్ఫు కేబులంత లావు తీగతో కలపాలి. ఒక ఇంజను ఎర్త్ లగ్గు (నెగటివ్ తీగను బ్లాకుకు బిగించే కొస) వదులైతే, సెల్ఫు కరెంటు ఇంజను మీటర్లకు వెళ్లే సన్న తీగల గుండా దారి వెతుక్కుని వాటిని కాల్చేస్తుంది.

24 వోల్టుల బోట్లలో ఇంకో పాడు అలవాటుంది: వరుసలో ఉన్న రెండింటిలో ఒక్కదాని నుంచే మ్యూజిక్ సెట్టుకు 12 వోల్టులు లాగడం. అది ఎప్పుడూ ఆకలితో ఉంటుంది, పక్కది ఎక్కువ చార్జయి నీళ్లు తాగేస్తుంది. 24ను 12 చేసే కన్వర్టరు పెట్టుకోవాలి.

తీగ మందం కూడా చూడాలి. ఆరు మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో పది ఆంపియర్లు పంపితే, రానుపోను 0.9 వోల్టు పోతుంది, 6 చదరపు మి.మీ. తీగలో 0.37. ఈ లైను ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, స్విచ్ బోర్డు దగ్గర కాదు.

ఏటా చేసే తనిఖీలో దీనికి పది నిమిషాలు కేటాయించాలని మనవి. ఒక ఇంజను బ్యాటరీ స్విచ్, దీపాల స్విచ్ ఆపి రెండో ఇంజను స్టార్ట్ చేయాలి, తర్వాత అటుదిటు. సెల్ఫు తిరుగుతుండగా బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజను బ్లాకుకూ మధ్య అర వోల్టు దాటితే ఎర్త్ బాగోలేనట్టే. చివరగా అన్ని స్విచ్‌లూ ఆపి, బిల్జ్ పంపు (బోటు అడుగున చేరిన నీటిని తోడేది) ఫ్లోటును చేత్తో ఎత్తాలి. ఆ పంపు సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే ఉండాలి. తిరగకపోతే ఆ బోటు రేవు దాటకూడదు.

– ఒక బోటు ఎలక్ట్రీషియన్, రాజమహేంద్రవరం