అంకె ఎక్కించడం, అంకె తేల్చడం

నాన్నా,

నువ్వు పంపిన ఆఫర్ లెటర్ చదివాను. కింద "వెళ్ళమంటావా, ఉండమంటావా, ఒక్క ముక్కలో చెప్పమ్మా" అని రాశావు. ఒక్క ముక్కలో చెప్పాలంటే వెళ్ళమనే అంటాను. కాకపోతే దానికి కొన్ని షరతులున్నాయి. అవి తేలకుండా నువ్వు రాజీనామా పెట్టకూడదని నా కోరిక. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

ముందు నీ ఫిర్యాదు సంగతి. పని ఎక్కడిదక్కడే ఆగిపోయిందన్నావు. లైన్‌లో లోపం వస్తే పసిగట్టి కరెంట్ ఆపించే పాత రిలేలతో పని, జీతం పెరగడం లేదు, రోజూ ఒకటే బోర్. ఇందులో పాత రిలేల మాట నేను ఒప్పుకోను. తిరిగే డిస్క్ ఉన్న ఓవర్‌కరెంట్ రిలేని పక్కన నిలబడి చూసినవాడికి ఇన్వర్స్ టైమ్ కర్వ్ అంటే ఏమిటో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. కరెంట్ ఎంత పెరిగితే డిస్క్ అంత వేగంగా తిరిగి కాంటాక్ట్ మూస్తుంది, అది కంటికే కనిపిస్తుంది. పరికరం పాతదైనంత మాత్రాన దాని మీద పనిచేసేవాడు వెనకబడిపోడు. జీతం సంగతి నిజమే, దాని గురించి కింద రాస్తాను. బోర్ అనేది మంచి ఉద్యోగంలోనూ వస్తుంది, పోతుంది.

నన్ను ఆపింది నువ్వు మామూలుగా రాసేసిన ఇంకో వాక్యం. "సెట్టింగ్ షీట్ వస్తుంది, రిలేలో ఎక్కిస్తాం, కరెంట్ పంపి ఇంజెక్షన్ టెస్ట్ చేస్తాం, రిపోర్ట్ ఇచ్చేస్తాం." అసలు జబ్బు అక్కడుంది నాన్నా. రిలే ఎప్పుడు పనిచేయాలో చెప్పే ఆ షీట్‌లో అంకెలు ఎవరు వేశారు? ఎందుకు వేశారు? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నిన్ను ఎవరైనా ఆ ప్రశ్న అడిగారా?

2003 ఆగస్టు 14 సంగతి నీకు తెలుసు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, కెనడాలోని ఒంటారియోలో దాదాపు 5 కోట్ల మందికి కరెంట్ పోయింది. దాని గురించి మాట్లాడేవాళ్ళు లైన్లకు చెట్లు తగలడం, కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ పనిచేయకపోవడం గురించే చెబుతారు. అవి నిజమే. మన వృత్తిలో వాళ్ళు మాత్రం ఒహైయోలోని సామిస్-స్టార్ 345 కేవీ లైన్ దగ్గర ఆగి ఆలోచించాలి. ఆ లైన్ మీద ఫాల్ట్, అంటే షార్ట్ సర్క్యూట్ లాంటి లోపం, లేదు. అప్పటికే పక్క లైన్లు పోయి దీని మీద లోడ్ విపరీతంగా పెరిగింది, వోల్టేజ్ పడిపోయింది. డిస్టెన్స్ రిలే చూసేది వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగిస్తే వచ్చే ఇంపీడెన్స్‌ని. అది తగ్గి, దూరపు ఫాల్ట్‌ల కోసం పెట్టిన జోన్ 3 హద్దు లోపలికి వచ్చింది. ఎక్కడో దూరంగా ఫాల్ట్ ఉందనుకుని రిలే ట్రిప్ చేసింది, అంటే లైన్‌ని ఆపేసింది. ఆ తర్వాత పతనం ఆపడం ఎవరి తరమూ కాలేదు.

అక్కడ రిలే చెడిపోలేదు. తనకిచ్చిన సెట్టింగ్ ప్రకారమే పనిచేసింది. ఆ రిలేకి ఇంజెక్షన్ టెస్ట్ చేసి ఉంటే అంకెలన్నీ సరిపోయి, "సంతృప్తికరం" అనే రిపోర్టే వచ్చేది. లోపం ఏదైనా ఉంటే అది జోన్ 3 ఎంత దూరం చూడాలి, ఒక చెడ్డ రోజున లోడ్ ఎంతవరకు రావచ్చు అనే నిర్ణయంలో ఉంది. ఆ నిర్ణయం నీ టెస్ట్ రిపోర్ట్‌లో ఎక్కడా కనిపించదు. నువ్వు ఇంకో ఐదేళ్ళు ఇదే కుర్చీలో ఉంటే నీ పేరు మీద వందల రిపోర్టులు ఉంటాయి, ఒక్క నిర్ణయం కూడా ఉండదు. నాకు దిగులుగా ఉన్నది దాని గురించే.

ఇది ఊహించి చెప్పడం లేదు. 1984లో ఎడ్మండ్ ష్వైట్జర్ కంపెనీ డిజిటల్ రిలే అమ్మడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నెమ్మదిగా అన్నిచోట్లా పాత రిలేలు పోయి ఇవి వచ్చాయి. మా ప్యానెళ్ళు మారినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఏ స్క్రూ ఎంత తిప్పాలో కంఠతా వచ్చిన మనుషులు మంచివాళ్ళే, కష్టపడేవాళ్ళే. స్క్రూ పోయి స్క్రీన్ వచ్చేసరికి చాలా ఇబ్బంది పడ్డారు. లెక్క తెలిసినవాళ్ళకు మాత్రం కొత్త మెనూలు అలవాటు చేసుకోవడమే మిగిలింది. ఇప్పుడు మళ్ళీ అలాంటి మార్పే నడుస్తోంది. సబ్‌స్టేషన్ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడే పద్ధతిని చెప్పే ఐఈసీ 61850 ప్రమాణం వచ్చాక ఒక ప్యానెల్ నుంచి ఇంకో ప్యానెల్‌కి ట్రిప్ సంకేతం వైరు మీద కాకుండా నెట్‌వర్క్ మీద సందేశంగా వెళ్తోంది. కరెంట్‌ని కొలిచే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) దగ్గరే కొలతను డిజిటల్‌గా మార్చి ఫైబర్ మీద పంపే సబ్‌స్టేషన్లూ వచ్చాయి. నీకు వచ్చిన ఆఫర్ సరిగ్గా ఈ పనిలోనే కాబట్టి నా మనసు అటే మొగ్గుతోంది.

అయితే ఇక్కడే జాగ్రత్త కావాలి. కొత్త టెక్నాలజీలోనూ గుమాస్తా పని ఉంటుంది. పాత ప్రాజెక్ట్ కాన్ఫిగరేషన్ ఫైల్ తెరిచి, పేర్లు, అడ్రస్‌లు మార్చి, కొత్త ప్రాజెక్ట్ కింద సేవ్ చేసే ఉద్యోగాలు బోలెడు. లెటర్‌లో నీ హోదా "ప్రొటెక్షన్ డిజైన్ ఇంజనీర్" అని ఉంది. ఆ పేరును బట్టి ఏమీ తెలియదు. అందుకని హెచ్‌ఆర్ వాళ్ళతో కాకుండా ఆ టీమ్‌లో పనిచేసే ఒకరితో అరగంట మాట్లాడించమని అడుగు. అడగడానికి మొహమాటపడకు. ఆఫర్ ఇచ్చాక కంపెనీ దీనికి కాదంటే, కాదనడమే నీకు పెద్ద జవాబు.

ఆ మనిషిని ఇలా అడుగు. సెట్టింగ్ లెక్కలు మీ టీమే చేస్తుందా, కన్సల్టెంట్ దగ్గర నుంచి వస్తాయా? మొన్నటి ప్రాజెక్ట్‌లో ఏ రిలే ముందు, ఏది తర్వాత పనిచేయాలో తేల్చే కోఆర్డినేషన్ స్టడీ ఎవరు చేశారు, ఎవరు చెక్ చేశారు? ఎక్కడైనా రిలే తప్పుగా ట్రిప్ చేస్తే ఆ క్షణంలో కరెంట్, వోల్టేజ్ ఎలా మారాయో నమోదైన డిస్టర్బెన్స్ రికార్డ్ చూసి కారణం తేల్చేది ఎవరు? నాకు ఈ చివరి ప్రశ్న మీద అన్నిటికంటే గురి ఎక్కువ. రికార్డ్ విప్పి, ఏ ఫేజ్‌లో కరెంట్ ఎప్పుడు పెరిగింది, సీటీ సాచురేట్ అయి తప్పు కొలత ఇచ్చిందా, బ్రేకర్ ఎంతసేపటికి తెరుచుకుంది అని మిల్లీసెకన్ల లెక్కన కూర్చుని చూసే చోట మనిషి ఎదుగుతాడు. "అవన్నీ రిలే తయారీదారుకి పంపేస్తాం" అంటే మాత్రం నువ్వు కుర్చీ మారుతున్నావు, పని మారడం లేదు.

ఇంకొకటి. నీ ఉద్యోగం ఖాళీ అయిన స్థానమా, కొత్తగా పెట్టినదా కనుక్కో. ఖాళీ అయినదైతే ముందున్న మనిషి ఎందుకు వెళ్ళాడో అడుగు. కొత్తదైతే ఆర్డర్ చేతిలో ఉందా అని అడుగు. మన రంగంలో టెండర్ గెలిచాక మనుషుల్ని తీసుకునే కంపెనీలున్నాయి, గెలుస్తామన్న ఆశతో ముందే తీసుకునేవీ ఉన్నాయి. రెండో రకంలో టెండర్ పోతే కొత్తగా చేరినవాళ్ళనే ముందు బెంచ్ మీద కూర్చోబెడతారు. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి అది పెద్ద టెన్షన్.

జీతం మూడోవంతు పెరుగుతుందన్నావు. లెటర్ మళ్ళీ చదువు. అందులో వేరియబుల్ (ఖాయం కాని భాగం) ఎంత, అది దేనిమీద ఆధారపడుతుంది అన్నది స్పష్టంగా లేదు. జాయినింగ్ బోనస్ ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలని చిన్న అక్షరాల్లో ఉంది. వేరియబుల్ పక్కన పెట్టి, ఖాయంగా చేతికొచ్చేదే లెక్కేసి, దానితో ఇప్పటి జీతం పోల్చు. లోన్ వాయిదాలు కట్టేది ఆ డబ్బుతోనే. డబ్బు ముఖ్యం కాదని నేనెప్పుడూ అనను. ఇల్లు నడిపేవాళ్ళెవరూ అనరు. కానీ జీతం పెంపు కోసమే అయితే ఈ పాటి పెంపు రెండేళ్ళలో మామూలైపోతుంది, అప్పుడు మళ్ళీ నాకు ఇదే ఉత్తరం రాస్తావు.

ఇప్పుడున్న చోట కూడా ఒక్కసారి గట్టిగా అడిగి చూడు. ఇంతకుముందు అడిగానన్నావు, నిజమే. "నాకు గ్రోత్ ఉంటుందా సార్" అని అడిగి ఉంటావు. దానికి "ఎందుకుండదు, తర్వాత చూద్దాం" అనడం ఎవరికైనా తేలికే. ఈసారి పని పేరు చెప్పి అడుగు. "కొత్తగా వచ్చే సబ్‌స్టేషన్ బే సెట్టింగ్ లెక్కలు నేను చేస్తాను, సీనియర్ చెక్ చేయనివ్వండి" అను. ఇది కంపెనీకి ఖర్చు లేని పని. ఇస్తే ఆలోచిద్దాం. దీనికి కూడా తర్వాత చూద్దామంటే, ఆ "తర్వాత" రాదని నీకు నువ్వే నమ్ముతావు. మనసులో ఏ మూలా సందేహం లేకుండా బయటకు రావచ్చు. ఆఫర్ సంగతి మాత్రం అప్పుడు ఎత్తకు. బెదిరించి తీసుకున్న పని ఎక్కువ కాలం నీ చేతిలో ఉండదు.

మీ నాన్నకు నువ్వు కదలడం ఇష్టం లేదు. ఉన్న ఉద్యోగం వదిలి కొత్త చోట ఎలా ఉంటుందో అని ఆయన భయం. ఆ భయాన్ని కొట్టిపారేయకు, ఇంటి బరువు మోసిన మనిషి భయం అది. ఆయనకు నేను స్టీవెన్ లెవిట్ అనే ఆర్థికవేత్త చేసిన పని గురించి చెప్పాను. ఏదైనా పెద్ద మార్పు గురించి ఎటూ తేల్చుకోలేని మనుషుల చేత ఆయన నాణెం ఎగరేయించాడు. ఇరవై వేలకు పైగా టాస్‌లు. ఉద్యోగం మానాలా వద్దా అనేది అందులో ఒక ప్రశ్న. పెద్ద నిర్ణయాల విషయంలో, మార్పు వైపు వెళ్ళినవాళ్ళు ఆరు నెలల తర్వాత ఎక్కువ సంతోషంగా ఉన్నామని చెప్పారు. ఇది 2021లో జర్నల్‌లో వచ్చింది. దీన్ని పట్టుకుని అందరూ ఉద్యోగాలు మానేయాలని కాదు. వాళ్ళందరూ చాలాకాలంగా ఊగిసలాడుతున్నవాళ్ళు. నువ్వూ ఏడాదిగా ఇదే మాట తిప్పి తిప్పి చెబుతున్నావు. అంతకాలం ఊగాక కూడా ఉండిపోవడం చాలావరకు అలవాటు వల్లేనని నాకు అనిపిస్తుంది. మీ నాన్న విని ఏమీ అనలేదు, కానీ మర్నాడు నీ కొత్త కంపెనీ గురించి నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. ఆయనకు నువ్వే ఒకసారి ఫోన్ చేసి వివరంగా చెప్పు. నా ద్వారా వినడం వేరు.

వెళ్ళడం ఖాయమైతే, జాయినింగ్ తేదీ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వు. నోటి మాట మీద ఇవ్వకు. ఇచ్చాక ఇప్పటి కంపెనీ వాళ్ళు పిలిచి జీతం పెంచుతామనవచ్చు, హోదా మారుస్తామనవచ్చు. అప్పుడు ఒక్కటే అడుగు: రేపటి నుంచి నా టేబుల్ మీదకు వచ్చే పని మారుతుందా? మారదంటే మర్యాదగా వద్దని చెప్పు, ఎక్కువ మాట్లాడకు.

నోటీస్ పీరియడ్‌లో మాత్రం పని వదిలేయకు. మనది అలా వదిలేసే వృత్తి కాదు. ప్రతి రిలేలో చివరగా ఉన్న సెట్టింగ్ ఫైల్ దించి, తేదీ వేసి, ఏ డ్రాయింగ్‌కి ఏది సరిపోతుందో రాసి పెట్టు. టెస్టింగ్ కోసం ఎక్కడైనా లింక్ తీసి ఉంటే, ఏదైనా ట్రిప్ బ్లాక్ చేసి ఉంటే, అన్నీ తిరిగి చూసుకో. నీ తర్వాత వచ్చే కుర్రాడు ఎవరో మనకు తెలియదు, కానీ ఆ ఫీడర్ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం ఆ ఫైల్ మీదే ఉంటుంది.

ఆ టీమ్ మనిషితో మాట్లాడాక నాకు ఫోన్ చెయ్యి. డిస్టర్బెన్స్ రికార్డ్ ప్రశ్నకు ఏం చెప్పాడో ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పు. వేరియబుల్ గురించి హెచ్‌ఆర్‌కి మెయిల్ రాసేముందు నాకు ఒకసారి చూపించు, రాతలో ఎక్కడా తడబాటు లేకుండా సరిచేద్దాం.

ప్రేమతో,
అమ్మ