అయస్కాంత నగ కొనేముందు అడగాల్సిన ప్రశ్న

సంపాదకులకు,

నొప్పులు తగ్గడానికి అయస్కాంత నగలు ఎలా ఎంచుకోవాలో చెబుతూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. సైజు, లోహం, ఎన్ని గాస్‌లు (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) ఉండాలి, అన్నీ రాశారు. అవి ఎవరు వేసుకోకూడదో ఒక్క ముక్క కూడా లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఎమ్మారై స్కానింగ్ టెక్నీషియన్ని. యంత్రం ఉన్న గదిలోకి పంపేముందు ఒంటి మీద, ఒంటి లోపల లోహాలేమున్నాయో అడిగి తెలుసుకోవడం నా పని. ఉంగరాలు, గొలుసులు అడగ్గానే తీసిస్తారు. అయస్కాంత కడియం దగ్గరే బతిమాలతారు, ‘ఇది తీస్తే నొప్పి మళ్లీ వస్తుందమ్మా’ అని. ఒకసారి భర్తకు తోడుగా వచ్చిన పెద్దావిడ మెడలో అలాంటి గొలుసే కనిపించింది. మెడనొప్పి అంటే కూతురు ప్రేమగా కొనిచ్చిందట. లాకెట్ వేలాడుతున్నది సరిగ్గా ఆమెకు పేస్‌మేకర్ (గుండె లయను సరిచూసే చిన్న పరికరం) అమర్చిన చోట! అది ప్రమాదమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పేస్‌మేకర్‌కి అయస్కాంతం మరీ దగ్గరైతే, అది గుండె సొంత లయను పట్టించుకోవడం మానేసి ఒకే వేగంతో గుండెను కొట్టిస్తుంది. ప్రాణాపాయంలో షాక్ ఇచ్చే ఐసీడీ అయితే, అవసరమైన సమయంలో ఆ షాక్ ఇవ్వకపోవచ్చు. అయస్కాంతం తీసేస్తే మామూలుగా మళ్లీ సర్దుకుంటాయి గానీ, ఆ మధ్యలో ఏమైనా జరగొచ్చు. కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉంచమంటారు. ఇన్సులిన్ పంపు, తలలో షంట్ (మెదడులో చేరే నీటిని బయటకు పంపే గొట్టం) ఉన్నవాళ్లూ డాక్టర్ని అడగాలి.

రక్తంలోని ఇనుమును అయస్కాంతం లాగి రక్తప్రసరణ పెంచుతుందని ఆ వ్యాసంలో రాశారు. హిమోగ్లోబిన్‌లోని ఇనుము మేకులా అయస్కాంతానికి అతుక్కునే రకం కాదు. మా యంత్రం బలం 1.5 టెస్లా, అంటే 15,000 గాస్‌లు. అందులో పడుకుని లేచినవాళ్లు మోకాలి నొప్పితో వచ్చి, అదే నొప్పితో వెళ్లడం చూస్తూనే ఉన్నాను. పైగా దూరం పెరిగేకొద్దీ అయస్కాంత బలం చాలా వేగంగా పడిపోతుంది. కడియం బలం కీలు లోపలిదాకా ఎంత చేరుతుంది?

పరిశోధనలూ జరిగాయి. 2004లో బ్రిటన్‌లో 194 మంది కీళ్ల అరుగుదల రోగుల్లో కొందరికి అయస్కాంత కడియాలు, కొందరికి ఉత్తుత్తివి ఇచ్చి చూస్తే, అయస్కాంతం వేసుకున్నవాళ్లకు కొంత ఉపశమనం కనిపించింది. అయితే తమది అసలు అయస్కాంతమో కాదో కొందరు పసిగట్టి ఉండొచ్చన్న సందేహం మిగిలింది. 2013లో రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత కీళ్లపైనే దాడి చేసే జబ్బు) ఉన్న 70 మందిపై చేసిన పరీక్షలో అయస్కాంత పట్టీకీ ఉత్తుత్తి పట్టీకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ జబ్బు విషయంలోనే నాకు ఎక్కువ దిగులు. కడియాన్ని నమ్ముకుని మందులు ఆపేస్తే కీళ్లు లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

వేసుకుంటే హాయిగా ఉందనేవాళ్లతో నేను వాదించను. ఒంట్లో ఏ పరికరమూ లేకపోతే, మందులు మానకుండా వేసుకోండి. నికెల్ పడనివాళ్లకు దద్దుర్లు వస్తాయి, చూసుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే పూసల రకం అసలే వద్దు. రెండు అయస్కాంతపు పూసలు మింగితే అవి పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలో నలిగిన పేగుకు చిల్లు పడొచ్చు. అది అర్జెంటుగా ఆపరేషన్ చేయాల్సిన పరిస్థితి.

ఇలాంటి వ్యాసం మళ్లీ వేసేటప్పుడు, గాస్‌ల లెక్క కంటే ముందు, మొదటి పేరాలోనే ‘మీకు పేస్‌మేకర్ ఉందా?’ అని అడగండి. బహుమతిగా కొనేవాళ్లూ చదువుతారు.

ఇట్లు,
ఒక ఎమ్మారై టెక్నీషియన్