ఉమ్మడి బొంతకు బట్ట తెచ్చేవారికి

అందరికీ నమస్కారం. బట్ట కోసం వన్‌టౌన్ బజారుకు వెళ్లేవారు పెడన కలంకారీ అచ్చు బట్ట కొంటే, ఉతికి ఆరబెట్టకుండా కత్తెర పెట్టకండి. నూలు మొదటి ఉతుకులోనే కుంచించుకుపోవచ్చు, ఎరుపు దిగి పక్క ముక్కకు అంటుకోవచ్చు. మన విశాఖ ఉక్కపోతకు లోపల పాలిస్టర్ దూది వద్దే వద్దు. పాత నేతచీర రెండు పొరలు చాలు, త్వరగా ఆరుతుంది కూడా. కుట్టుకు అంచు పావు అంగుళం వదలండి. అందరూ ఇదే కొలత పాటిస్తేనే మూలలు కలుస్తాయి. పట్టు తెస్తామంటే కాదనను కానీ, అది కత్తెర కింద జారుతుంది, విప్పి కుడితే సూది రంధ్రాలు మాయవు. నా దగ్గర మంగళగిరి నూలు ముక్కలు మిగిలాయి, ఎక్కువగా నీలమే. కావలసినవారు ఆదివారంలోపు చెప్పండి.