నురగ వస్తే తప్పు బీరుది కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇక్కడ అమెరికాలో తెలుగువాళ్ళు ఇంట్లో బీరు కాచి, ఐస్ పెట్టెకి కొళాయి బిగించి పార్టీల్లో పోస్తున్నారని మొన్న ప్రవాసుల పేజీలో ఫొటోతో సహా వేశారు. చదివి సంబరపడ్డాను, డాలస్‌లో నేనూ ఆ బాపతే కాబట్టి. పెట్టెకి కొట్టిన రంగు, దాని మీద స్టిక్కరు, ఇత్తడి హ్యాండిలు అన్నీ బ్రహ్మాండంగా కనిపించాయి గానీ, లోపల ఏముందో ఒక్క ముక్క రాయలేదు, బీరుని పొంగించి బయటికి నెట్టే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సంగతి అసలే లేదు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి, గ్యాస్ గురించి రాసింది మాత్రం ఉంచండి.

ఇక్కడి పాట్‌లక్కుల్లో (తలా ఒకటి వండి తెచ్చుకునే విందుల్లో) తరచూ చూసేది ఏంటంటే, వారాల తరబడి ఓపిక పట్టి బీరు చక్కగానే కాస్తారు, తీరా పార్టీ రోజు కొళాయి తిప్పితే గ్లాసులో ముప్పాతిక నురగే. "ఈసారి బ్యాచ్ తేడా కొట్టింది బ్రో" అని నెపం బీరు మీదకి తోసేస్తారు. పాపం బీరేం చేసింది? బీరులో గ్యాస్ కరిగి ఉండాలంటే చల్లదనమైనా ఉండాలి, ప్రెషరైనా ఉండాలి. ఫ్రిజ్‌లో 3, 4 డిగ్రీల దగ్గరున్న కెగ్గుకి, అంటే బీరు నింపే స్టీలు డబ్బాకి, 10 నుంచి 12 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో కొలిచే ప్రెషర్) పెట్టి, 3/16 అంగుళాల సన్న ట్యూబు ఎనిమిది పది అడుగులు వేస్తే గ్లాసులోకి నిదానంగా దిగుతుంది. అదే కెగ్గు 20 డిగ్రీలు దాటిన చోట పెడితే, ఆ గ్యాస్ బయటికి రాకుండా పట్టి ఉంచడానికి 30 పీఎస్‌ఐ దాకా కావాలి. అంత ప్రెషర్‌ని పొట్టి ట్యూబులోంచి వదిలితే నురగ కాక ఇంకేమొస్తుంది!

పార్కులకి తీసుకెళ్ళే పెట్టెలో స్టీల్ కాయిల్, అంటే చుట్టలు చుట్టిన సన్న గొట్టం, పెట్టేది ఇందుకే. కనీసం 50 అడుగులది తీసుకోండి. బయట వేడిగా ఉన్న కెగ్గులోంచి వచ్చిన బీరు ఆ చుట్టలన్నీ తిరిగేసరికి చల్లబడుతుంది, పైగా ఆ 30 పీఎస్‌ఐ దారిలోనే ఖర్చయిపోయి కొళాయి దగ్గరికి మెల్లగా చేరుతుంది. కాబట్టి డబ్బులు రంగుకీ హ్యాండిలుకీ కాదు, కాయిల్‌కీ రెగ్యులేటర్‌కీ పెట్టండి. పెట్టెకి చిల్లు పెట్టేటప్పుడు బయటి ప్లాస్టిక్‌కీ లోపలి ప్లాస్టిక్‌కీ మధ్యలో ఉండేది మెత్తటి ఫోమ్ అని గుర్తుంచుకోండి, నట్టు బలమంతా పెట్టి బిగిస్తే గోడ లోపలికి నొక్కుకుపోయి కొళాయి వంకర తిరుగుతుంది. రెండు వైపులా వెడల్పాటి వాషర్లు వేసి బిగించాలి.

ఐస్ ఒక్కటే కుమ్మరిస్తే సరిపోదు, నీళ్ళు కూడా పోయాలి, ఐస్ ముక్కల మధ్య గాలి ఉంటే కాయిల్‌కి చల్లదనం అందదు. పోశాక ఓ పావుగంట ఆగండి. జనం గ్లాసులు పట్టుకుని లైన్లో నిలబడి చూస్తుంటే ఆగడం కష్టమే, తెలుసు! మా డాలస్ జులై ఎండకి కాయిల్ ఒక్కటే చాలదు, కెగ్గుని కూడా ఐస్ టబ్బులో కూర్చోబెట్టాల్సిందే. అప్పుడు ప్రెషర్ కాస్త తగ్గించుకుంటూ రండి. కారులో కుదుపులకి కలిసిపోయిన కెగ్గుని దింపీ దింపగానే తెరవకండి. కొళాయి సగం తిప్పి పట్టుకునే మహానుభావులు ప్రతి పార్టీలోనూ ఉంటారు, నురగకి అదో కారణం. పూర్తిగా తెరవాలి, గ్లాసు వంచి పట్టుకోవాలి. అయిపోయిన రాత్రే కాయిల్‌లో క్లీనరు, ఆ తర్వాత మంచి నీళ్ళు పంపి, గ్యాస్‌తో ఊది ఆరబెట్టకపోతే మళ్ళీ తీసినప్పుడు ఆ కంపు భరించలేరు.

ఇక గ్యాస్. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లోపల మామూలు గది వేడికే 800 పీఎస్‌ఐ పైన ఉంటుంది. మనం వాడే 19 లీటర్ల కెగ్గు తట్టుకునేది 130. రెగ్యులేటర్ లేకుండా కలిపే ఆలోచన కలలో కూడా వద్దు. సిలిండర్ ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే లోపలున్న ద్రవం రెగ్యులేటర్‌లోకి వచ్చేస్తుంది. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది కారు ప్రయాణం. చిన్న 5 పౌండ్ల సిలిండర్ మొత్తం లీకైతే 1,200 లీటర్ల గ్యాస్ అవుతుంది, కారు లోపల ఉండే గాలే మూడు నాలుగు వేల లీటర్లు. రంగు లేదు, వాసన లేదు, నిద్రపోతున్న పిల్లలు వెనక సీట్లో ఉంటారు. బయల్దేరే ముందు వాల్వ్ గట్టిగా కట్టేసి, సబ్బు నీళ్ళు రాసి బుడగలొస్తున్నాయేమో చూసుకుని, దారంతా అద్దాలు కొంచెం దించి ఉంచండి. సిలిండర్‌ని ఎండలో ఆపిన కారులో వదిలేసి లోపలికి పోకండి, వేడికి ప్రెషర్ పెరిగి సేఫ్టీ డిస్క్ పగిలితే గ్యాస్ అంతా ఒక్కసారే వస్తుంది.

మీ పేజీ గుంటూరులోనూ వరంగల్‌లోనూ చదువుతారు కాబట్టి ఇంకో మాట. ఇక్కడ 1978లో అప్పటి ప్రెసిడెంట్ కార్టర్ సంతకం పెట్టిన చట్టం వల్ల ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే అయితే 100 గ్యాలన్ల వరకు పన్ను లేకుండా కాచుకోవచ్చు, అమ్మకూడదు అంతే. అప్పుడు కూడా అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. మన రెండు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా బీరు కాయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. ఇక్కడి వీడియో చూసి మా తమ్ముడి ఫ్రెండ్ ఒకడు "అన్నా, సామాన్లు పంపించు, దసరాకి మేమూ మొదలెడతాం" అంటున్నాడు. వాడికి వద్దురా అని చెప్పడానికి నా ప్రాణం తోకకొచ్చింది, మీరు ఒక వాక్యం వేసి ఉంటే నాకు ఆ శ్రమ తప్పేది.

పెట్టె కట్టాలని అంత సరదాగా ఉంటే అక్కడ సోడాకి కట్టుకోమనండి. ఈ కెగ్గులు అసలు ఒకప్పుడు పెప్సీ, కోక్ కంపెనీల సిరప్ డబ్బాలే. నేను ప్రతి పార్టీకి రెండో కెగ్గులో సుగంధి సోడా పెడతాను, పిల్లలకి, డ్రైవింగ్ చేసేవాళ్ళకి. చాలాసార్లు ముందు అయిపోయేది అదే. సోడాకి గ్యాస్ ఎక్కువ పట్టాలి కాబట్టి బీరుకంటే ఎక్కువ ప్రెషర్ పెట్టాలి, ట్యూబు ఇంకా పొడుగ్గా ఉండాలి. ఆ ట్యూబు మాత్రం విడిగా ఉంచుకోండి, ఒకసారి సుగంధి వాసన పట్టిందంటే ఎంత కడిగినా వదలదు, తర్వాత పోసే బీరంతా అదే వాసన వేస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
డాలస్, టెక్సాస్