మా ఇంటి కాగితాలు చదివిపెట్టిన వాళ్ళందరికీ

అందరికీ నమస్కారం. హైదరాబాద్ విద్యానగర్‌లో మా పాత ఫ్లాట్ అమ్మడం, మియాపూర్‌లో ఇంకోటి కొనడం, రెండు రిజిస్ట్రేషన్లూ అయిపోయాయి. గృహప్రవేశానికి వచ్చిన వాళ్ళు "ఎస్సెఫ్టీ ఎంత పడింది" అని అడిగారే గానీ, ఈ పని ఎవరి పుణ్యాన గట్టెక్కిందో చెప్పే తీరిక ఆ హడావుడిలో నాకు దొరకలేదు. అందుకే ఈ నాలుగు మాటలు. పేర్లు రాయొద్దని ఇద్దరు ముగ్గురు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరికి వాళ్ళకే తెలిసిపోతుంది.

మొట్టమొదట విద్యానగర్‌లో మా కింది అంతస్తు బాబాయ్ గారికి. రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మేము మొదట మియాపూర్‌లోనే వేరే ఫ్లాట్ చూశాం. కొత్త కట్టడం, తూర్పు వాకిలి, మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్ళొచ్చు, రేటు కూడా చుట్టుపక్కల కంటే కాస్త తక్కువ. బిల్డర్ ఆఫీసువాళ్ళు అట్టలేసిన ఫైలు చేతిలో పెట్టారు. అందులో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే సర్టిఫికెట్) కూడా ఉంది, నిల్ అని, అంటే ఏమీ లేవని. బయానా ఇచ్చే ముందు ఒక్కసారి చూసిపెట్టండి అని ఆ ఫైలు బాబాయ్ గారికి ఇచ్చాం. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసేసి, కాగితాన్ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టి చదువుతారు. ఈసీ చూసీ చూడగానే అడిగారు: "అమ్మాయ్, ఇది ఫ్లాట్ నంబరు మీద తీసింది. స్థలం మీద తీసిన ఈసీ ఏది?"

మాకేం తెలుసు, ఈసీ అంటే ఒకటే అనుకున్నాం. ఆయన చెప్పిందేమిటంటే, ఫ్లాట్ నంబరు పుట్టకముందే స్థలం మీద ఎన్నో దస్తావేజులు రిజిస్టర్ అయి ఉంటాయి. అవి ఫ్లాట్ నంబరుతో వెతికితే పడకపోవచ్చు. సర్వే నంబరు, ప్లాట్ నంబరు, హద్దులు వేసి మళ్ళీ తీయాలి. పాత బస్తీల్లో అయితే పాత ఇంటి నంబరు మీద కూడా. మా వారు ఆయన పక్కనే కూర్చుని రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో అలా వెతికితే, జీహెచ్‌ఎంసీ కమిషనర్ పేరు మీద తనఖా దస్తావేజు ఒకటి బయటపడింది.

హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్ కొనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకుని తీరాలి. అపార్ట్‌మెంట్‌కి పర్మిషన్ ఇచ్చేటప్పుడు, కట్టే విస్తీర్ణంలో 10 శాతం కార్పొరేషన్‌కి తనఖా పెట్టించుకుంటారు. 2012 నాటి జీవో 168లో ఉన్న నిబంధనే ఇది. ప్లాన్ ప్రకారం కట్టి, ఓసీ (నివాసయోగ్య పత్రం, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) తెచ్చుకుంటే ఆ తనఖా విడుదల చేస్తారు. దారి తప్పి కడితే అది అలాగే ఉండిపోతుంది. కాబట్టి తనఖా ఉండటం తప్పేమీ కాదు, బిల్డర్లందరూ పెట్టాల్సిందే. కానీ ఏ ఫ్లాట్లు ఆ 10 శాతంలోకి వస్తాయో దస్తావేజులో, ప్లాన్‌లో గుర్తుపెట్టి ఉంటాయి. మాకు చూపించిన ఫ్లాట్ సరిగ్గా అందులోదే. ఓసీ ఇంకా రాలేదు. రేటు తక్కువ ఎందుకో అప్పుడు అర్థమైంది.

బిల్డర్ ఆఫీసులో అడిగితే "అది మామూలే మేడం, ఓసీ రాగానే రిలీజ్ చేయిస్తాం, బయానా మాత్రం ఈ వారమే కావాలి" అన్నారు. బాబాయ్ గారు ఒకటే మాట: "రిలీజ్ డీడ్ చేతికొచ్చాక రమ్మను. అప్పుడు కొందాం, ఇల్లేమీ పారిపోదు." మేము ఆగిపోయాం. ఆయన ఆ సాయంత్రం టీవీ ముందు కూర్చుని ఉంటే మా డబ్బు ఎక్కడ ఇరుక్కునేదో.

ఇప్పుడు కొన్న ఫ్లాట్ రీసేల్‌ది. దాని లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు కూడా ఆయనే వెనక 30 ఏళ్ళ దాకా చదివారు. స్థలం యజమాని దస్తావేజు, ఆయన బిల్డర్‌కి రాసిన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (కట్టే ఒప్పందం, అధికార పత్రం కలిపి), ఇద్దరూ ఫ్లాట్లు పంచుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంట్. ఈ మూడోది చాలామంది అడగరట. బిల్డర్ తన వాటాకి రాని ఫ్లాట్ అమ్మేసి ఉంటే అక్కడే తేలిపోతుంది. మాకు అమ్మిన వాళ్ళ ఫ్లాట్ బిల్డర్ వాటాలోదేనని సరిచూసుకున్నాకే ముందుకి కదిలాం. చివరికి సేల్ డీడ్ డ్రాఫ్ట్‌లో యూడీఎస్ (స్థలంలో మా ఫ్లాట్‌కి వచ్చే విడదీయని వాటా) 42 గజాలకి బదులు 38 అని టైపయింది. దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టింది కూడా ఆయనే. నాలుగు గజాలే కదా అనుకునేరు, మియాపూర్‌లో గజం రేటు ఎంతో మీకు తెలియంది కాదు. ఇంత చేసి ఆయన పుచ్చుకున్నది ఒక కప్పు కాఫీ, అది కూడా పంచదార లేకుండా.

మా ఆఫీసు తమ్ముడికి ప్రత్యేకంగా థాంక్స్. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు డౌన్‌లోడ్ చేసి, మేము కొనే స్థలానికి దగ్గర్లో ఉన్న కుంట ఎఫ్‌టీఎల్ గీత (నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు చేరే హద్దు) ఎక్కడిదాకా వచ్చిందో చూసిపెట్టాడు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ, వదలాలి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఇవి అందరి నోటా వినబడుతున్నాయి గానీ, మ్యాపు తెరిచి చూసేవాళ్ళు తక్కువే. నిషేధిత భూముల జాబితాలో, అదే 22-ఏలో, సర్వే నంబరు ఉందో లేదో కూడా వాడే చూశాడు.

ఇక అమ్మకం వైపు. మా ఫ్లాట్ కొన్న దంపతులకి ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. మా ఫ్లాట్ మీద ఇంకా లోన్ ఉంది, అసలు కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. అడ్వాన్సు మా చేతికివ్వకుండా నేరుగా మా లోన్ ఖాతాలోకే వేస్తామని, అలా వేసినట్టు అగ్రిమెంట్‌లో రాద్దామని వాళ్ళే అన్నారు. అది వాళ్ళకీ భద్రత, మాకూ ఊరట. లోన్ తీరింది. కాగితాలు మాత్రం రాలేదు. ఏ బ్యాంకో చెప్పను గానీ, అడిగినప్పుడల్లా "పై ఆఫీసు నుంచి రావాలి" అనేవాళ్ళు.

ఇక్కడ మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, ఆదుకున్నాడు. వేరే బ్యాంకులో పనిచేస్తాడు. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగివ్వాలని, ఆలస్యం బ్యాంకుదైతే రోజుకి 5,000 రూపాయలు కస్టమర్‌కి చెల్లించాలని ఆర్‌బీఐ 2023 సెప్టెంబరులోనే చెప్పింది. అదే ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఈ విషయం ఒక్క పేరాలో రాసి, గొడవపడకుండా, అందినట్టు ముద్ర వేయించుకు రమ్మన్నాడు. కాగితాలు వచ్చేశాయి. "కాగితాలు తెచ్చుకుని ఊరుకోకు, బ్యాంకు పేరున రిజిస్టరైన టైటిల్ డీడ్ డిపాజిట్ (కాగితాలు తాకట్టు పెట్టిన దస్తావేజు) కూడా రద్దు చేయించు, లేకపోతే ఈసీలో అప్పు ఉన్నట్టే కనబడుతుంది" అని గుర్తుచేసింది కూడా వాడే. ఇన్ని రోజులూ మా కొనుగోలుదారులు ఒక్కసారి కూడా "అడ్వాన్సు వెనక్కివ్వండి" అనలేదు. వాళ్ళ పిల్లలు ఆ ఇంట్లో చల్లగా పెరగాలి.

టాక్సు సంగతులన్నీ మా వదిన చూసుకుంది, ఆడిటర్ ఆఫీసులో పని తనది. 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్ళు అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పట్టి కట్టాలని మాకు తెలుసు. కానీ కొనేది మేమిద్దరం, అమ్మేది భార్యాభర్తలిద్దరూ, కాబట్టి ఒక్కో కొనేవాళ్ళు-అమ్మేవాళ్ళ జతకి ఒకటి చొప్పున ఆ టీడీఎస్‌కి నాలుగు 26క్యూబీ ఫారాలు వెయ్యాలని తను చెప్పేదాకా తెలీదు. పాత ఫ్లాట్ మీద వచ్చిన లాభం గురించి కూడా ముందే కూర్చోబెట్టి చెప్పింది: అమ్మిన రెండేళ్ళలోపు, లేదా అమ్మడానికి ముందు ఏడాదిలోపు ఇల్లు కొంటే ఆ లాభం అందులోకి పెట్టి పన్ను మినహాయింపు పొందొచ్చు. ఇంతలో కుదరకపోతే రిటర్ను గడువులోపే క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసి ఉంచాలి, మామూలు ఎఫ్‌డీ పనికిరాదు. కొంత నగదు ఇస్తామన్న వాళ్ళని మొదట్లోనే వద్దనమని చెప్పింది కూడా తనే. 20,000, ఆపైన నగదు బయానా చట్టం ఒప్పుకోదు, పట్టుబడితే అంతే మొత్తం జరిమానా.

దస్తావేజు రాసిన లేఖరి గారికి, సాక్షి సంతకాలకి ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చిన ఇద్దరు స్నేహితులకి కూడా ధన్యవాదాలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం అంటే 75 లక్షల ఇంటికి 5.6 లక్షలు పైనే. ఇది లోన్‌లో రాదు, చేతిలో ఉండాలి. మాకు తగ్గినంత వరకూ మా అత్తగారు గాజులు తీసిచ్చారు. ఆమెకి ఇక్కడ థాంక్స్ చెబితే తిడతారు, ఇంట్లోనే చెప్పుకుంటాను.

కొత్త అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్నకి కూడా. ఓనర్లు "నీళ్ళకి ఢోకా లేదు" అంటుంటే, పక్కకి పిలిచి ఏప్రిల్, మే నెలల్లో బోరు తగ్గుతుందని, ట్యాంకర్లు తెప్పిస్తారని, మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయని ఉన్నదున్నట్టు చెప్పాడు. మెయింటెనెన్స్ ఎంత పెరుగుతుందో లెక్కేసుకునే కొన్నాం.

ఇంకా కరెంటు మీటరు, నీటి కనెక్షన్ పేర్లు మారాలి, ఇంటి పన్ను మ్యుటేషన్ వివరాలు సరిచూసుకోవాలి. అడ్వాన్సు నేరుగా లోన్ ఖాతాకి కట్టినట్టు అగ్రిమెంట్‌లో రాయించిన ఆ పేరా కావాలని కొందరు అడిగారు. పేర్లు, నంబర్లు కొట్టేసి పంపిస్తాను, మీ లాయరుకి చూపించుకునే వాడండి.