రాత్రి ఒంటిగంటన్నరకి అమ్మ లేచింది

రాజమండ్రి,
మంగళవారం సాయంత్రం

ఒరేయ్ రెండో బెంచీ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. జవాబు రాయకపోవడం తప్పే, తిట్టుకో, పడతాను. అమ్మ కంటి ఆపరేషను, ఆఫీసులో ఆడిట్, పిల్లదాని పదో తరగతి, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఆపరేషను బాగా జరిగింది. ఆడిట్ అయిపోయింది. పిల్లది చదువుకుంటోంది. చిన్నాన్న వాళ్ళు ఇల్లు అమ్మేశారు, ఆ కథ తర్వాత. శనివారం రాత్రి జరిగింది నీకు చెప్తేగానీ నాకు నిద్ర పట్టేట్టు లేదు.

నేను మళ్ళీ పుస్తకాలు పట్టానని చెప్పాను కదా. ఇంటర్నెట్‌లో క్లాసిక్స్ క్లబ్ అని ఒకటుంది. అయిదేళ్ళలో కనీసం 50 పాత పుస్తకాలు చదువుతానని జాబితా రాసి మాట ఇవ్వాలి. అందులో మళ్ళీ స్పిన్ అని ఒక సరదా. జాబితాలోంచి ఇరవై తీసి 1 నుంచి 20 దాకా నంబర్లు వేసుకుంటాం. వాళ్ళు ఒకరోజు ఒక నంబరు ప్రకటిస్తారు, ఆ నంబరుకి ఎదురుగా ఏ పుస్తకం ఉంటే అది చదివి తీరాలి. ఈసారి ఏ నంబరు వచ్చిందనుకున్నావ్? నీ రోల్ నంబరురా! దానికెదురుగా నేను రాసుకున్నది ‘వేయిపడగలు’. గౌతమీ గ్రంథాలయంలో నువ్వూ నేనూ ఎన్నిసార్లు బీరువాలోంచి తీసి, బరువు చూసి, మళ్ళీ లోపల పెట్టేశామో నీకు తెలుసుగా. “ఇంకొక్క పేజీ సార్” రోజున కూడా చేతిలో ఉన్నది అదే.

సరే, పుస్తకం తెచ్చుకున్నాను, దిండంత ఉంది. రోజుకి నాలుగు పేజీలు కూడా సాగలేదు. అప్పుడు తెలిసింది రీడథాన్ సంగతి. ఇరవై నాలుగు గంటలు ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో ఒకేసారి కూర్చుని చదువుతారు. డ్యూయీ అనే పేరుతో పుస్తకాల గురించి రాసే ఒకావిడ 2007 అక్టోబరులో మొదలుపెట్టింది. మరుసటేడు నవంబరులో ఆవిడ పోయింది. అయినా వాళ్ళెవరూ దాన్ని ఆపలేదు, ఆవిడ పేరే పెట్టుకుని నడుపుతూ వచ్చారు. ఆ ఒక్క ముక్క చదివాకే నేను పేరిచ్చాను.

మనకి శనివారం సాయంత్రం అయిదున్నరకి మొదలు. ముందు నెట్‌లోనే నాలుగైదు ప్రశ్నలు అడుగుతారు: ఎక్కణ్ణుంచి చదువుతున్నావు, ఏ పుస్తకం కోసం ఎదురుచూస్తున్నావు, తినడానికేం పెట్టుకున్నావు... నేను గోదావరి ఒడ్డు, వేయిపడగలు, చేగోడీలు అని రాశాను. ఎవరో ఒకావిడ చేగోడీ అంటే ఏమిటని అడిగింది. బియ్యప్పిండి ఉడకబెట్టి, నువ్వులు, వాము కలిపి, చేత్తో చుట్టి నూనెలో వేయిస్తాం, కొరికితే పక్కగదికి వినపడాలి అని చెప్పాను. అర్ధరాత్రి గడిచాక “చేగోడీలు ఇంకా మిగిలాయా, నిద్రపోకు” అని మళ్ళీ పలకరించింది! చదివేవాళ్ళకి హుషారు చెప్పడానికే కొందరు కూర్చుంటారట. ముక్కూ మొహం తెలియనివాళ్ళు మనం మేలుకుని ఉన్నామా లేదా అని చూసుకుంటారురా.

పదకొండింటి దాకా గంటకి ముప్పై పేజీలు లాగాను. గంట గంటకీ లెక్క రాసుకుంటూ, ఎవరు ఎంత చదివారో చూసుకుంటూ. నిజం చెప్పాలంటే అప్పటికి కథ కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోతోంది, లోపలికి దిగడం లేదు. ఈ లెక్కలతో వచ్చే చిక్కే ఇది. ఏడాదికి ఇన్ని పుస్తకాలని పందెం వేసుకుని, డిసెంబరు రాగానే పల్చటి పుస్తకాలు వెతుక్కునేవాళ్ళు ఉన్నారు. అది చదవడం కాదని నా అభిప్రాయం. మనల్ని ఒకచోట కూర్చోబెట్టడం వరకే పందేనికి పని.

ఒంటిగంటన్నరకి అమ్మ లేచింది. హాల్లో లైటు చూసి, గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది.

“పరీక్షలేమైనా ఉన్నాయా నీకు?” అంది. నాకు నలభై ఎనిమిది దాటాయి!

సంగతి చెప్పాను. పుస్తకం పేరు వినగానే పక్కన కూర్చుంది. అట్ట మీద చెయ్యి వేసి తడిమింది. కొత్త కళ్ళజోడు రావడానికి ఇంకా రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా అక్షరాలు ఆనవు. “పైకి చదువు” అంది.

చదివాను. రెండు పేజీలు కూడా కాలేదు, ఆపింది. “అలా పరిగెత్తకురా. మీ తాతయ్య ఇలా చదివేవాడు కాదు.”

ఒరేయ్, ఇన్నేళ్ళలో ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. విశ్వనాథకి జ్ఞానపీఠం వచ్చిందని అందరూ చెప్పుకుంటున్న రోజులట. తాతయ్య శాఖా గ్రంథాలయం నుంచి ఈ పుస్తకం తెచ్చి, భోజనాలయ్యాక అరుగు మీద లాంతరు పెట్టుకుని రోజూ పైకి చదివేవాడట. వాకిట్లో పదిమంది చేరేవారు. అమ్మ తలుపు వెనక నిలబడి వినేది. పదిహేడేళ్ళు. ఇంతలో పెళ్ళి కుదిరింది. పనుల్లో పడి చదవడం ఆగింది, గడువు దాటి పుస్తకం వెనక్కి వెళ్ళిపోయింది. “గిరిక ఏమైందో నాకు తెలియలేదు” అంది.

అంతే. మామూలుగానే అంది, పాలు విరిగాయి అన్నట్టు. నాకు గొంతు పట్టేసింది.

తర్వాత గంటకి పది పేజీలే నడిచాయి. నవల జరిగే ఊరు సుబ్బన్నపేటలో ఎవరెవరికి ఏమవుతారో నాకంటే ఆవిడకే బాగా గుర్తు. “పసరిక వచ్చాడా ఇంకా?” అని ముందే అడుగుతుంది. విశ్వనాథ ఈ నవలని 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే వాళ్ళ తమ్ముడు రాశారని చెప్పాను. “అదీ సంగతి. అందుకే తాతయ్య చదువుతుంటే ఎవరో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు ఉండేది” అంది. దాంతో నేనూ పద్ధతి మార్చాను. వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ ఆగడం. నువ్వు కూడా ఒక పేజీ పైకి చదివి చూడు, కళ్ళతో చదివినప్పుడు బరువుగా తోచిన వాక్యమే నోట్లో పడితే తేలిగ్గా నడుస్తుంది. నిజం.

నాలుగున్నరకి పాలవాడు వచ్చాడు. అమ్మ కుర్చీలోనే కాళ్ళు ముడుచుకుని వింటోంది. నేను లెక్క రాయడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం రెండు గంటలు పడుకున్నాం, అది తప్ప... మధ్యలో పిల్లది కూడా వచ్చి కూర్చుందిలే, అది వేరే సంగతి.

సాయంత్రం అయిదున్నరకి గడువు అయిపోయింది. పుస్తకం అవలేదు, సగం కూడా కాలేదు. అయితే ఇప్పుడు రోజూ నడుస్తోంది. రాత్రి ఎనిమిదింటికి అమ్మకి చుక్కలు వేశాక అయిదు నిమిషాలు కళ్ళు మూసుకోవాలి. ఆ మూసుకున్నప్పటి నుంచే మొదలుపెట్టమంటుంది.

నీ సంగతి కూడా అడిగింది. “వాడు డల్లాస్‌లో ఏం చదువుతున్నాడు?” అని. ఏం చెప్పమంటావ్? మళ్ళీ ఏప్రిల్‌లో ఉందిరా ఈ రీడథాన్. నాకు సాయంత్రం అయిదున్నరంటే నీకు పొద్దున ఏడు. కాఫీ పెట్టుకుని కూర్చో. ఏ పుస్తకమైనా సరే. ఫోను స్పీకర్లో పెడితే అమ్మ కూడా

ఇదిగో, పిలుస్తోంది. ఎనిమిదైంది. నిన్న ఆపిన చోటు నుంచి గిరిక కథేరా. చుక్కల సీసా ఎక్కడ పెట్టానో. మిగతాది రేపు రాస్తాను.

నీ
మూడో బెంచీ